మాట రాని హైస్కూల్ పిల్లలకు కమ్యూనికేషన్ బోర్డు: తెలుగు వరసలో తయారుచేద్దాం

నమస్తే అండి. ముందు ఈ అట్ట చూడండి. నేను తయారుచేసిన మొదటి కమ్యూనికేషన్ బోర్డు ఇది. అంటే, మాట రాని పిల్లలు గడుల్లో రాసిన మాటల్ని వేలితో చూపిస్తూ తమ సంగతి చెప్పుకునే అట్ట. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లిష్ బోర్డు తీసుకుని, ఒక్కో గడిలో తెలుగు మాట రాసేసి, ఎనిమిదో తరగతి అబ్బాయికి ఇచ్చాను. వాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కండరాలు, కదలికలు సరిగా అదుపులో ఉండవు. మాట స్పష్టంగా రాదు కానీ బుర్ర పాదరసం. రెండు రోజులు వాడాడు, తర్వాత పక్కన పడేశాడు. తప్పు వాడిది కాదు, నాది.

ఆ బోర్డులో ముందు మనిషి, తర్వాత క్రియ, ఆఖర్న వస్తువు. "నాకు కావాలి నీళ్లు" అని మనం అంటామా? తెలుగులో క్రియ చివర్న వస్తుంది కదా, వేలు కూడా ఆ దారిలోనే నడవాలి. ఇంకో పొరపాటు చూడండి. "నో" అన్న గడిలో "లేదు" అని రాసి ఊరుకున్నాను. మనకు "నో" ఒక్కటేనా? అన్నం పెట్టనా అంటే "వద్దు". పెన్ను ఉందా అంటే "లేదు". ఇది నీ పుస్తకమేనా అంటే "కాదు". పెన్ను ఇవ్వనా అని అడిగితే పాపం వాడు "లేదు" చూపించేవాడు. వాడి దగ్గర పెన్ను లేదేమో అనుకుని నేను ఇచ్చేసేదాన్ని!

సరే, కొత్తది గీద్దాం. ఎ4 సైజు దళసరి కాగితం అడ్డంగా పెట్టండి. 5 సెంటీమీటర్ల గడులు అడ్డంగా ఐదు, నిలువుగా నాలుగు, మొత్తం 20. చెయ్యి బాగా వణికే పిల్లలైతే గడులు తగ్గించి పెద్దవి చేయండి. కుడివైపు సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. దాన్ని వదిలేయండి, పని ఉంది.

ఇప్పుడు పైనుంచి కిందికి నిలువు వరసలు నింపుదాం. ఎడమ చివరి వరసలో మనుషులు: నేను, నువ్వు, మేడమ్, ఫ్రెండ్. "నేను" గడిలోనే కింద "నాకు" అని కూడా రాయండి. రెండో వరసలో నీళ్లు, పుస్తకం, బాత్రూమ్, ఇల్లు. మూడో వరసలో ప్రశ్నలు: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. చాలా బోర్డుల్లో ఈ ప్రశ్నలే ఉండవు. అడగడానికి వీలు లేకపోతే వాడు చదువుకునేదెలా? నాలుగో వరస: కావాలి, చెప్పాలి, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి. ఐదోది: వద్దు, లేదు, కాదు, తెలీదు. "అవును" ఏదీ అంటారా? మా వాడు తల ఊపుతాడు. ఊపలేని పిల్లలకు దానికీ ఒక గడి ఇవ్వండి.

ఇప్పుడు అట్ట తిప్పండి. ఈ వెనక వైపు టీచర్ల కోసం కాదు. బోర్, సూపర్, నన్ను ఏడిపించకు, నా వంతు, క్రికెట్. హైస్కూల్ పిల్లాడికి నీళ్లు, బాత్రూమ్ చాలు అనుకుంటే ఎలాగండి? ఈ మాటలు మనం ఊహించి రాయకూడదు, పక్క బెంచీ పిల్లల్ని అడగండి. ఆడపిల్లలకైతే "మేడమ్‌తో ఒంటరిగా చెప్పాలి" అన్న గడి తప్పనిసరి. పీరియడ్స్ సంగతి నలుగురిలో వేలు పెట్టి చూపించలేరు కదా.

ఇక ఆ మిగిలిన పట్టీ. దాని మీద వెల్‌క్రో అంటించి, ఏ పాఠం నడుస్తుంటే ఆ పాఠం మాటలు నాలుగు పెట్టండి. మా క్లాసులో ఘర్షణ పాఠం: గరుకు, నునుపు, ఎక్కువ, తక్కువ. పాఠం చెబుతూ ముందు మీరే వేలితో చూపించండి. ఇసుక కాగితం రుద్దుతూ "గరుకు", గాజు పలక తడుముతూ "నునుపు". టీచరు వాడని బోర్డు పిల్లాడూ వాడడు.

తర్వాత ప్రశ్న అడిగి, మనసులో పది లెక్కపెట్టండి. పది అంటే పది. మూడు దగ్గరే మనకు నోరు ఆగదు, జవాబు మనమే చెప్పేస్తాం. మొన్న కావాలనే తప్పుగా అడిగాను: "నునుపు తలం మీదే ఘర్షణ ఎక్కువ, అవునా?" ఏడు దాకా కదలలేదు. ఎనిమిదికి వేలు "కాదు" మీదికి వెళ్లింది. అక్కడి నుంచి "గరుకు", ఆపైన "ఎక్కువ".

తల్లిదండ్రులకు ఒక మాట. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దాకే కాబట్టి తొమ్మిది, పది తరగతుల గురించి టెన్షన్ పడుతుంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ చూడండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు, దగ్గర్లోని బడిలోనైనా, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనైనా. 17వ సెక్షన్‌లో ఇలాంటి ప్రత్యామ్నాయ సంభాషణ పద్ధతుల్ని ప్రోత్సహించాలని ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల మినహాయింపు ప్రస్తావన కూడా అందులోనే. వైకల్య సర్టిఫికెట్ పని పదో తరగతి దాకా ఆగకుండా ఎనిమిదిలోనే మొదలుపెట్టండి.

అన్నట్టు, లామినేషన్‌కి అప్పుడే పరిగెత్తకండి. వారం రోజులు పెన్సిల్‌తో రాసిన కాగితమే వాడి చూడండి. ఏ గడి ముట్టుకోవడం లేదో తెలుస్తుంది, చెరిపి ఇంకోటి రాయొచ్చు. మా వాడు మొదటివారమే "ఇల్లు" తీయించేసి "సెల్" పెట్టించుకున్నాడు.