27వ ఎపిసోడ్: ష్లుడెర్న్స్‌లో గంట చప్పుడు ఆగితే

అక్క: ఇవాళ ఇటలీలోని సౌత్ టిరోల్. ఫిన్ష్‌గౌ లోయలో ష్లుడెర్న్స్ అనే ఊరు. రెండు వేల లోపు జనం, ఇంట్లో మాట జర్మన్. టాపిక్ కుర్‌బుర్గ్ కోట.

రఘు: 13వ శతాబ్దంలో కూర్ అనే ఊరి బిషప్పు కట్టించాడు, తర్వాత ట్రాప్ వంశం చేతికొచ్చింది. లోపల పాత ఉక్కు కవచాల ఆయుధశాల. సరే, ఇక కాలువ.

అక్క: అరనిమిషంలో కోట అయిపోయిందా! నీ లార్చ్ చెట్టు దగ్గరికే కదూ?

రఘు: దానికింకా టైముంది. ఆ లోయలో ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన పడటమే గగనం. పొలాలేమో ఎండ కొట్టే వాలులో. అందుకే కొండవాగుని పైనే మళ్ళించి, కొండ పక్కనే సన్న కాలువ తీశారు. దాన్ని వాల్ అంటారు. కాలువ ఏటవాలు ఎక్కువైతే అడుగు కోసుకుపోతుంది, తక్కువైతే పూడుతుంది.

అక్క: రాయి అడ్డమొస్తే?

రఘు: లార్చ్ దుంగని దోనెలా తొలిచి వేస్తారు! జిగురున్న చెక్క, తడిలో తొందరగా కుళ్ళదు.

అక్క: వచ్చేసింది లార్చ్. కాపలా మనిషి సంగతి చెప్పు.

రఘు: వాలర్. మన నీరటి లాగే. వసంతంలో ఆకులూ రాళ్ళూ తీసేసి, గట్లు సరిచేసి నీళ్ళు వదులుతాడు. తర్వాత పొలాలకి నీళ్ళ వంతులు, రాత్రిళ్ళు కూడా. చీకట్లో గండి పడిందని తెలిపేది గంట.

అక్క: గంట మోగితే ప్రమాదం.

రఘు: కాదక్కా! మోగినంతసేపూ క్షేమం. కాలువలో చిన్న నీటిచక్రం, దాని ఇరుసుకు కొయ్య మేకు. తిరిగినప్పుడల్లా అది సుత్తిని ఎత్తి గంట మీద వదులుతుంది. నీళ్ళాగితే చప్పుడాగుతుంది.

అక్క: చక్రంలో పుల్ల ఇరుక్కున్నా ఆగుతుంది కదా?

రఘు: ఆగుతుంది. అందుకే ముందు చక్రం చూడాలి. అది బాగుంటే కాలువ వెంట పైకి నడవాలి. ఆకులు అడ్డుపడిన చోట నీరు గట్టు దాటి కిందికి దూకుతుంది, మట్టి నానితే వాలంతా జారిపోతుంది.

అక్క: అంటే గంటకి కింద గండిపడితే?

రఘు: మోగుతూనే ఉంటుంది.

అక్క: మరి నమ్మకమేముంది! గండిపడే చోట్లన్నీ దాటాక, కిందనే పెట్టాలి.

రఘు: అవును, కానీ వాలర్‌కి వినపడేంత దగ్గర్లో. అక్కడే తకరారు.

అక్క: అయితే రెండు గంటలు పెట్టాలి.

రఘు: పెట్టొచ్చు, చప్పుడు తేడాగా ఉంటే ఏది ఆగిందో తెలుస్తుంది.

అక్క: కవచాలు మిగిలిపోయాయి రఘూ.

రఘు: వచ్చేవారం. ఎండాకాలం నీళ్ళు కట్టేస్తే దోనె ఎండి నెర్రెలిస్తుందక్కా, మళ్ళీ వదిలిన వెంటనే కారుతుంది. చెక్క నాని ఉబ్బేదాకా నాచు కూరి…