క్రమం తప్పిన చోట నిలబడిన టోపాలజీ

నమస్కారం. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనూ, పాలమూరు విశ్వవిద్యాలయంలోనూ గణితం చదువుతున్న ఎమ్మెస్సీ విద్యార్థుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. ఒక సిద్ధాంతం నిజమని తేలాక, దాన్ని నిరూపించడానికి కనీసం ఏ స్వీకృతాలు కావాలో వెతికే శాఖ రివర్స్ మ్యాథమెటిక్స్. దీన్ని 1970లలో హార్వే ఫ్రీడ్‌మన్ ప్రారంభించారు.

మన జిల్లా రైతు ఒకాయన రోజూ మార్కెట్‌కు తెచ్చిన బత్తాయి బస్తాల సంఖ్యనూ, నిమ్మ బస్తాల సంఖ్యనూ అంతం లేకుండా రాసుకుంటూ పోయాడనుకుందాం. ఆ రెండు సంఖ్యలూ ఏనాడూ తగ్గకుండా ఉండనవసరం లేదు. అయినా ముందటి ఒక రోజు లెక్క తరువాతి ఒక రోజు లెక్కను రెండింటిలోనూ మించని సందర్భం తప్పక వస్తుంది. అంతులేని ఏ వరుసలోనైనా ఇలాంటి జంట దొరికే క్రమమే వెల్ క్వాసీ ఆర్డర్. ఈ ఉదాహరణకు ఆర్‌సీఏ నాట్ అనే బలహీనమైన మూల వ్యవస్థే చాలు.

చిక్కు ఉపసమితుల దగ్గర మొదలవుతుంది. ఒక సమితిలోని ప్రతి మూలకానికీ పైన మరో సమితిలో ఒక మూలకం ఉంటే, మొదటి సమితి రెండోదానికి కింద ఉన్నట్టు లెక్క. 1954లో రిచర్డ్ రాడో (3, 7) లాంటి జతలను తీసుకున్నారు. ఇందులో మొదటి సంఖ్య చిన్నది. మొదటి సంఖ్య మారకుండా రెండోది పెరిగినా, లేక కొత్త జతలోని మొదటి సంఖ్యే పాత జతలోని రెండో సంఖ్యను దాటినా, కొత్త జత పైన ఉన్నట్టు. కనుక (3, 7)కు పైన (3, 9), (8, 20) ఉంటాయి గాని (5, 100) ఉండదు. ఈ జతలు వెల్ క్వాసీ ఆర్డరే. అయితే 3తో మొదలయ్యే జతలన్నింటినీ ఒక సమితిగా, 5తో మొదలయ్యేవాటిని మరో సమితిగా తీసుకోండి: (3, 7)కు పైన 5 సమితిలో ఏదీ లేదు. ఏ రెండు సంఖ్యలకైనా ఇంతే కాబట్టి, ఈ సమితుల వరుసలో మనకు కావలసిన జంట ఎన్నటికీ దొరకదు.

అక్కడ క్రమం ఓడిపోయినా, టోపాలజీ నిలబడుతుందని 2007లో జాన్ గూబో-లారెక్ చూపించారు: వెల్ క్వాసీ ఆర్డర్ ఉపసమితుల అప్పర్ టోపాలజీ (ఒక్కో సభ్యానికి కింద ఉన్నవన్నీ కలిసిన సమితి సంవృతంగా ఉండే అతి చిన్న టోపాలజీ) నోథేరియన్, అంటే సంవృత సమితులు అంతం లేకుండా కచ్చితంగా తగ్గుతూ పోలేవు. నా దృష్టిలో ఇది చాలా అందమైన ఫలితం.

దీని బలం ఎంత? ఉపసమితులు లెక్కించలేనన్ని ఉన్నాయి కాబట్టి భారీ స్వీకృతాలు కావాలేమో అనిపిస్తుంది. కానీ ఇది ఆర్‌సీఏ నాట్ కన్నా బలమైన ఏసీఏ నాట్ అనే వ్యవస్థకు సరిగ్గా సమానమని ఫ్రిట్టాయన్, హెండ్ట్‌లాస్, మార్కోనే, షేఫర్, వాన్ డెర్ మీరెన్ 2016లో నిరూపించారు. ఏ అన్వేక ప్రమేయానికైనా వ్యాప్తి ఒక సమితిగా ఉంటుందన్నదే ఏసీఏ నాట్ సారాంశం. ఇదే కుటుంబానికి చెందిన క్రుస్కల్ వృక్ష సిద్ధాంతం (పరిమిత వృక్షాలు వెల్ క్వాసీ ఆర్డర్ అనేది), ఏసీఏ నాట్‌కన్నా బలమైన ఏటీఆర్ నాట్ అనే వ్యవస్థకు కూడా అందదు.

సిద్ధాంతం నుంచి స్వీకృతానికి తిరిగి వచ్చే దారిలో నిజ దశలు అనే భావన ముఖ్యం. అన్వేక ప్రమేయం విలువలు దశకొకటి చొప్పున వస్తాయనుకుంటే, ఒక దశ తరువాత వచ్చే విలువలన్నీ ఆ దశ విలువకన్నా పెద్దవైతే అది నిజ దశ. అలాంటి దశలు అంతులేనన్ని చేతికి వస్తే, ఏ సంఖ్య వ్యాప్తిలో ఉందో అడిగినప్పుడు, దానికన్నా పెద్ద విలువ ఉన్న ఒక నిజ దశను పట్టుకుని, అప్పటివరకు వచ్చిన విలువలను మాత్రమే వెతికితే సరిపోతుంది.