పొద కొట్టేస్తే మూషిక జింక ఎక్కడ దాక్కుంటుంది?

నమస్తే. ఫిబ్రవరి వచ్చిందంటే నల్లమలలో అగ్గి టెన్షన్ మొదలు. ఆకు రాలిపోతుంది, బోద గడ్డి ఎండిపోతుంది, ఒక్క బీడీ ముక్క చాలు. అందుకే ముందే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఖాళీగా ఉంచే పట్టెలు, శుభ్రం చేస్తారు. గుబురుగా అల్లుకునే లాంటానా పొదలు కొడతారు. మంటకు మేత తగ్గుతుంది, సరే. అందులో బతికే జంతువుల సంగతేంటి? కత్తి పట్టకముందే అంచనా వేద్దాం.

అడవికి మంచిదా చెడ్డదా అని అడక్కండి, జవాబు దొరకదు. ఏ జంతువుకి, ఎన్నాళ్లకి అని అడగండి.

ఇదిగో, మీటరు కర్ర. పది సెంటీమీటర్లకో పట్టీ, ఎరుపు, తెలుపు. దీన్ని పొదలో పాతి, పది మీటర్లు వెనక్కి రండి. ఎన్ని పట్టీలు కనబడట్లేదో లెక్కపెట్టండి. నిలబడి కాదు, గొంతుక్కూర్చుని. మొదట్లో నేను నిలబడే లెక్కపెట్టా. పొద పైనుంచి చూస్తున్నాను కదా, కొట్టకముందే అంతా ఖాళీగా కనిపించింది. మూషిక జింక, అంటే మౌస్ డీర్, ఎత్తు 30 సెంటీమీటర్ల లోపే. దాని చాటంతా కింది మూడు పట్టీల్లోనే ఉంటుంది. హైదరాబాద్ జూలో పెంచి ఆమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదిలింది వీటినే.

ఇప్పుడు పట్టిక. నిలువుగా జంతువులు, అడ్డంగా కాలం: కొట్టిన వారం, తొలి వానల తర్వాత, రెండో ఏడాది. గడిలో లాభమైతే ప్లస్, నష్టమైతే మైనస్.

మూషిక జింకకు మొదటి వారం మైనస్. బోలు దుంగలు వదిలేస్తే ఆ మైనస్ చిన్నది, అందుకే దుంగల్ని కూడా లెక్కపెట్టండి. ఎలుగుబంటికీ మైనస్సే: లాంటానా పండ్లు తింటుంది, పగలు ఆ గుబుర్లోనే పడుకుంటుంది. దుప్పికి వానల తర్వాత ప్లస్, ఎండ నేలకు తగిలి గడ్డి లేస్తుంది కాబట్టి.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆ గడ్డే వచ్చే ఫిబ్రవరికి ఎండి మళ్లీ మంటకు మేతవుతుంది. లాంటానా మొదలు మట్టిలో మిగిలితే అదీ చిగురిస్తుంది. కాబట్టి రెండో ఏడాది గడిలో జంతువుతో పాటు ఎండుగడ్డి కూడా రాయండి.

అడుగున ఇంకో వరుస గీయండి: 'ఏమీ చేయకపోతే'. మనం పొద కొట్టేది అడవిలో ఒక పట్టె మేర. మంట వస్తే కొండంతా ఆ మూడు పట్టీల చాటూ పోవచ్చు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశాక నేనైతే దారి పక్కన కొట్టమంటాను, వాగు ఒడ్డు పొదల జోలికి పోవద్దంటాను.

కర్ర పాతిన చోట చెట్టుకు రంగు గుర్తు పెట్టండి. వానలయ్యాక అక్కడే గొంతుక్కూర్చుని మళ్లీ లెక్కపెట్టి, మీ అంచనా పక్కనే రాయండి. పాత అంకె మాత్రం చెరపకండి.