కట్ట వెనక చూసేవాళ్ళేరీ?

వేదిక మీది పెద్దలకు, ముందున్న అమ్మలకు, అయ్యలకు నమస్కారం. కార్యదర్శిగారు నీటి పొదుపు మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. పళ్ళు తోముకునేటప్పుడు కొళాయి కట్టేయండి. పొదుపు అయిపోయింది, ఇంక నా బాధ వినండి.

మన తిరుపతి కొళాయిల్లో వచ్చేవి ఎక్కడి నీళ్ళు? కల్యాణి డ్యామ్ అంటారు, నిజమే, కానీ అది అడుగంటిన ఏడు మనల్ని ఆదుకునేది కండలేరు. చెన్నై దాహం తీర్చడానికి 1983లో మొదలుపెట్టిన తెలుగుగంగ పథకంలోది అది. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణ నీళ్ళు సోమశిల మీదుగా రాపూరు దగ్గరికొచ్చి అక్కడ నిలబడతాయి. 68 టీఎంసీలు పట్టే జలాశయం! దాన్ని ఆపేది ఏంది? సిమెంటు కాదు సామీ, మట్టి. దాదాపు 11 కిలోమీటర్ల మట్టికట్ట.

నేను చెరువుల పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తలో ఒక ముసలి లస్కరు, అంటే కట్టను కనిపెట్టుకునుండే పనివాడు, ఉండేవాడు. పొద్దున్నే కట్ట మీద కాదు, కట్ట వెనక, నీళ్ళు లేని పక్క, పాదం పొడుగునా నడిచేవాడు. ఎక్కడ ఊట కనపడితే అక్కడ గాజుగ్లాసులో నీళ్ళు పట్టి ఎండకేసి చూసేవాడు. ఏం చూస్తావయ్యా అని నవ్వితే, "తేటగా ఉంటే కట్టకు చెమట పట్టిందని సారూ, మడ్డిగా ఉంటే కడుపులో మట్టి కొట్టుకొస్తోందని" అన్నాడు. నేను చదివిన చదువంతా ఆ గ్లాసులో ఉంది. ఆయన రిటైరయ్యాక ఆ పనికి ఇంకొకర్ని పెట్టలేదు. ఎన్ని కాగితాలు రాశానో! రెండేళ్ళలో కట్ట వెనక మనిషి దూరలేనంత కంప పెరిగింది. ఇంక ఊట ఎవరికి కనపడతాది?

2021 నవంబరు గుర్తుందా? అన్నమయ్య డ్యామ్ దగ్గర వరద మట్టికట్ట మీదికెక్కి కోసుకుపోయింది. అది వేరే జబ్బు, ఊట కాదు, కానీ పోయింది మట్టికట్టే. అదే వారంలో మన రాయలచెరువు కట్టకు లీకు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు వేశారు, నిలబడింది. ఆ నాలుగు రోజులు టీవీల నిండా కట్టే. ఆ తర్వాత మీలో ఎవరైనా పోయి చూశారా? ఊరికే అడుగుతున్నా, కోపం వద్దు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. అయిపోయింది సార్. ఆదివారం పొద్దున ఆరింటికి ఆటో మాట్లాడుకుని రాయలచెరువుకు పోదాం. ఎవరెవరు వస్తారో చేతులెత్తండి. గ్లాసు నేను తెస్తా.