మీ టూల్ గురించి ఏజెంట్‌కి ఏం తెలుసు?

[స్క్రీన్ మీద చాట్ విండో. యూజర్ టైప్ చేస్తున్నాడు: "ఆదివారం రాత్రి హైదరాబాద్ నుంచి విజయవాడకి రైళ్లు చూడు"]

నమస్తే. ఇది మామూలు మాటే కదా. ఇప్పుడు ఒక ఏఐ ఏజెంట్, అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ, ఈ మాట పట్టుకుని మనం రాసిన టూల్‌ని, అంటే అది వాడుకునే చిన్న ప్రోగ్రామ్‌ని, ఎలా పిలుస్తుందో చూద్దాం.

[టూల్ నిర్వచనం కనబడుతుంది]

పేరు: గెట్_డేటా. వివరణ: "రైళ్ల సమాచారం ఇస్తుంది." ఇన్‌పుట్‌లు ఫ్రమ్, టు, డేట్. మూడూ స్ట్రింగ్‌లే, అంటే ఏ అక్షరాలు రాసినా తీసుకునేవే. ఇది రాసిన డెవలపర్‌ని అడిగితే "ఇంకేం కావాలండీ, తెలుస్తూనే ఉందిగా" అంటాడు. తెలుస్తుంది మరి, రాసింది అతనే.

ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్‌కి మీ కోడ్ కనబడదు. మీ డేటాబేస్ కనబడదు. మామూలుగా దాని చేతికి అందేవి టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్‌ల స్కీమా (ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఉండాలో చెప్పేది), అంతే. 2023 జూన్‌లో ఓపెన్ఏఐ ఫంక్షన్ కాలింగ్‌ని, అంటే మోడల్ ఇలా టూల్స్‌ని పిలిచే వీలుని, తెచ్చినప్పుడూ సంగతి ఇదే. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ని, అంటే ఏఐకి టూల్స్ తగిలించే ఉమ్మడి పద్ధతి ఎంసీపీని, బయటపెట్టినప్పుడూ ఇదే. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడైతే పక్క సీట్లో ఉన్నవాళ్లని అడిగి తెలుసుకుంటాడు. ఏజెంట్‌కి పక్క సీటు లేదు. రాసి లేనిది ఊహించేస్తుంది, అదీ ఏ తడబాటూ లేకుండా.

[హైదరాబాద్ స్టేషన్ల మ్యాప్]

ఫ్రమ్ దగ్గరే మొదటి చిక్కు. హైదరాబాద్ అంటే ఏ స్టేషన్? సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి ఉన్నాయి. రైల్వే రికార్డుల్లో హెచ్‌వైబీ అనే కోడ్ నాంపల్లి స్టేషన్‌ది. ఏజెంట్ హెచ్‌వైబీ అని పంపిందనుకోండి, టూల్ చక్కగా పనిచేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. నాంపల్లి నుంచి బయల్దేరే రైళ్లు మాత్రమే చూపిస్తుంది. "ఆ రోజుకి ఇవే ఉన్నాయి" అని ఏజెంట్ యూజర్‌కి చెప్పేస్తుంది. సికింద్రాబాద్ నుంచి వెళ్లే రైళ్ల సంగతి ఎవరికీ తెలియదు. నన్నడిగితే క్రాష్ అయ్యే టూల్ కంటే ఇలాంటిదే ఎక్కువ ప్రమాదం. క్రాష్ అయితే కనీసం ఎవరో ఒకరు చూస్తారు.

విజయవాడ కోడ్ బీజడ్ఏ, పాత బెజవాడ పేరు మీద వచ్చింది. పెద్ద జంక్షన్ కాబట్టి మోడల్‌కి తెలిసే ఉండొచ్చు. అదే ఏ చిన్న స్టేషనో అయితే పేరులో అక్షరాలు ఏరి ఒక కోడ్ అల్లేసినా ఆశ్చర్యం లేదు.

ఇక తేదీ. 05/04 అంటే మనకి ఏప్రిల్ ఐదు, అమెరికాలో మే నాలుగు. ఇది అందరికీ తెలిసిన గొడవే, వదిలేద్దాం. అసలు తిరకాసు "ఆదివారం రాత్రి"లో ఉంది. పన్నెండు దాటాక ఇరవై నిమిషాలకి వచ్చే రైలుని కూడా మనం ఆదివారం రాత్రి రైలనే అంటాం. టికెట్ మీద మాత్రం సోమవారం తేదీ ఉంటుంది. పైగా దూరప్రాంతం నుంచి వచ్చే రైలైతే అది మొదలైన చోట శనివారమే బయల్దేరి ఉండొచ్చు. టూల్ అడుగుతున్న తేదీ ఈ మూడింటిలో ఏది?

[కొత్త వివరణ, ఒక్కో వాక్యం వెలుగుతూ వస్తుంది]

"సెర్చ్_ట్రైన్స్. రెండు స్టేషన్ల మధ్య, ఇచ్చిన తేదీన నడిచే రైళ్ల జాబితా ఇస్తుంది. ఖాళీ సీట్లు, ఛార్జీలు ఇవ్వదు. వాటికి చెక్_సీట్స్ వాడాలి. స్టేషన్ కోడ్ మాత్రమే తీసుకుంటుంది, ఊరి పేరు తీసుకోదు. కోడ్ కోసం ముందు ఫైండ్_స్టేషన్ పిలవాలి. ఊళ్లో ఒకటికి మించి స్టేషన్లు ఉంటే ఒక్కోదానికీ విడిగా వెతకాలి. తేదీ 2026-04-05 రూపంలో, భారత కాలమానం ప్రకారం. అది ప్రయాణికుడు ఎక్కే స్టేషన్‌లో రైలు బయల్దేరే తేదీ. అర్ధరాత్రి దాటాక వచ్చే రైలుకి మర్నాటి తేదీ ఇవ్వాలి."

ఇందులో నాకు బాగా నచ్చిన వాక్యం "ఇవ్వదు" అన్నదే. టూల్ ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఏం చేయదో రాసేవాళ్లు తక్కువ. ఒకేలా కనబడే రెండు టూల్స్ ఉన్నప్పుడు ఏజెంట్ సరైనది ఎంచుకోవాలంటే దానికి కావలసింది ఆ వాక్యమే.

ప్రయాణించే క్లాస్ లాంటి ఇన్‌పుట్‌కి వివరణతో పని లేదు. స్ట్రింగ్ అని వదిలేస్తే "థర్డ్ ఏసీ", "ఏసీ త్రీ టైర్", ఏదైనా రావొచ్చు. స్కీమాలోనే ఈనమ్, అంటే ఒప్పుకునే విలువల జాబితా, పెట్టేస్తే గొడవ ఉండదు.

[రీఫండ్ టూల్]

డబ్బు దగ్గరికి వచ్చేసరికి అసలు టెన్షన్ మొదలవుతుంది. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ రేజర్‌పే ఏపీఐలో (మన ప్రోగ్రామ్ వాళ్ల సిస్టమ్‌తో మాట్లాడే దారిలో) మొత్తాన్ని పైసల్లో ఇవ్వాలి. 500 రూపాయలంటే 50000. వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఆ మాట స్పష్టంగానే ఉంటుంది. దాని మీద మనం ఒక టూల్ కట్టి, ఫీల్డ్‌కి ఉత్త అమౌంట్ అని పేరు పెడితే? ఏజెంట్ 500 పంపుతుంది, కస్టమర్‌కి అయిదు రూపాయలు వెళ్తాయి. అమౌంట్_పైసలు అని పేరులోనే పెట్టండి, పక్కన ఒక ఉదాహరణ ఇవ్వండి.

రీఫండ్ మధ్యలో టైమ్‌అవుట్ అయిందనుకోండి. ఏజెంట్ మళ్లీ పిలవొచ్చా? అదే రిక్వెస్ట్ ఐడీతో ఎన్నిసార్లు పిలిచినా డబ్బు ఒక్కసారే వెళ్తుందంటే ఆ మాట రాయండి. లేదంటే "ముందు స్టేటస్ చూడాలి" అని రాయండి. ఎంసీపీలో రీడ్ఓన్లీ (చదవడమే, ఏదీ మార్చదు), డిస్ట్రక్టివ్ (ఉన్నదాన్ని చెరిపేయొచ్చు), ఐడెంపొటెంట్ (ఎన్నిసార్లు పిలిచినా ఒక్కసారి పిలిచినట్టే) అని గుర్తులు పెట్టుకునే వీలుంది. కానీ అవి సూచనలే. పెద్ద మొత్తానికి మనిషి అనుమతి కావాలంటే ఆ అడ్డు సర్వర్ కోడ్‌లో పెట్టాల్సిందే, వివరణలో రాసి ఊరుకుంటే చాలదు.

ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అంటే ఏజెంట్ చీకట్లో తడుముకుంటుంది. "'హైదరాబాద్' స్టేషన్ కోడ్ కాదు, ఫైండ్_స్టేషన్ పిలవండి" అంటే తర్వాతి అడుగు సరిగ్గా పడుతుంది. అలాగే, రైళ్లు లేక జాబితా ఖాళీగా వచ్చిందా, టైమ్‌టేబుల్ సర్వర్ పడిపోయి వచ్చిందా? ఈ రెంటికీ వేర్వేరు జవాబులు ఉండాలి.

అలాగని ప్రతి టూల్‌కీ నాలుగు పేజీలు రాయకండి. ఆ వివరణలు కూడా మోడల్ కాంటెక్స్ట్‌లో, అంటే అది ఒకేసారి చూడగలిగే పాఠంలో, చోటు తినేవే.

[కాల్ లాగ్]

రాశాక పరీక్షించడం ఇలా. యూజర్లు నిజంగా అడిగే వాక్యాలు ఒక పాతిక పోగేయండి. "రేపు పొద్దున", "ఎల్లుండి అర్ధరాత్రి", "బెజవాడకి" లాంటివి కూడా ఉండనివ్వండి. ఏజెంట్ ఇచ్చిన జవాబు సంగతి తర్వాత, ముందు కాల్ లాగ్ (అది టూల్స్‌ని పిలిచిన రికార్డు) తెరవండి. ఏ టూల్‌ని పిలిచింది, ఏ స్టేషన్ కోడ్, ఏ తేదీ పంపింది? తప్పు కనబడితే ప్రోగ్రామ్ కోడ్ జోలికి వెళ్లకుండా వివరణలో ఒక్క వాక్యం మార్చి, ఆ పాతికా మళ్లీ నడపండి. ఆ వాక్యాల ఫైల్‌ని రిపోలోనే, అంటే కోడ్ దాచే చోటే, ఉంచండి, వచ్చే నెల మోడల్ మారినప్పుడు మళ్లీ కావాలి.