ఖాతాలో లేని డబ్బు

శ్రోతలకు నమస్కారం.

ఇంటి లోను వాయిదా ఐదో తారీఖున కట్ అవుతుంది. జీతమేమో ఏడో తారీఖుకు గానీ పడదు. ఖాతాలో మూడు వేలు తక్కువున్నాయి. ఆ రెండు రోజుల టెన్షన్ మీలో చాలామంది పడే ఉంటారు. వాయిదా తిరిగొస్తే మన బ్యాంకు ఒక చార్జీ వేస్తుంది, లోనిచ్చిన సంస్థ ఇంకోటి వేస్తుంది, ఆపైన జీఎస్టీ. ఇచ్చిన చెక్కే బౌన్సయితే 138 సెక్షన్ కింద కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు.

ఇలాంటప్పుడే ఓవర్‌డ్రాఫ్ట్, అదే ఓడీ, అక్కరకొస్తుంది. ఖాతా ఖాళీ అయినా, ముందే మంజూరైన లిమిట్ దాకా బ్యాంకు సర్దుతుంది. వాడుకున్న సొమ్ముకు, వాడుకున్న రోజులకే వడ్డీ.

నన్నడిగితే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకునే ఓడీ అన్నిట్లోకి నయం. డిపాజిట్ మీద 7 శాతం వస్తుంటే, ఓడీకి మామూలుగా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. 8 శాతం అనుకుందాం. 20,000 తీసి పది రోజుల్లో కట్టేస్తే వడ్డీ 44 రూపాయలు. డిపాజిట్ కదిలించే పనే లేదు. జన్‌ధన్ ఖాతాలకూ ఈ సదుపాయం ఉంది. 2018లో లిమిట్ 5,000 నుంచి 10,000కు పెంచారు.

అమెరికాలో చదువుకునే మన పిల్లల సంగతి వేరు. అక్కడ చాలా బ్యాంకులు వడ్డీకి బదులు ఒక్కో లావాదేవీకి ఇంతని ఫీజు వేస్తూ వచ్చాయి, తరచుగా 35 డాలర్ల దాకా. ఆరు డాలర్ల కాఫీకి 35 డాలర్ల ఫీజు! ఈమధ్య కొన్ని తగ్గించాయి, కొన్ని ఎత్తేశాయి. 2010 నుంచి డెబిట్ కార్డు కొనుగోళ్లకు, ఏటీఎంకు మనం సరేనంటేనే ఈ ఫీజు వేయాలి. ఖాతా తెరిచేటప్పుడు ఆ 'సరే' దగ్గర కాస్త ఆగి చదవమనండి.

ఇక జీతం మీద ఇచ్చే ఓడీ. మా బావ లక్షన్నర లిమిట్‌లో లక్ష వాడేశారు, 15 శాతం వడ్డీకి. నెలనెలా 1,250 కట్ అయ్యేది. అసలు కట్టమని ఎవరూ అడగలేదు, ఆయనా కట్టలేదు. రెండేళ్లలో 30,000 వడ్డీకే పోయింది. లక్ష లక్షలాగే ఉంది. "ఎంతుంది బావా?" అంటే ఫోన్ చూపించారు. 'అవైలబుల్ బ్యాలెన్స్ 50,000'. కింద చిన్న అంకెల్లో మైనస్ లక్ష. అది నేను చూపించేదాకా ఆయన కంటికి ఆనలేదు. ఆ యాభై వేలూ ఇంకా చేయని అప్పు!

ఆ ఏడాదే ఉద్యోగం పోయింది. జీతం ఆగగానే బ్యాంకు మొత్తం ఒకేసారి కట్టమంది. కాగితాల్లో ఆ షరతు మొదటి నుంచీ ఉంది. అక్క గాజులు తాకట్టుకు వెళ్లాయి. గోల్డ్ లోను వడ్డీ తక్కువేనని బావ ఇప్పటికీ సమర్థించుకుంటారు. అక్క మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్లిపోతుంది.