డెబ్యుస్సీ వయొలిన్ సొనాటాలో ఆ రెండో కార్డ్

నమస్కారం. ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుస్సీ వయొలిన్, పియానోల కోసం భాగాలుగా రాసిన సొనాటా ఇది. ముందు దాని మొదటి నాలుగు బార్లు (తాళపు ఆవర్తాల్లాంటివి) వినండి. పియానో ఒక్కటే మోగుతోంది. మొదట జీ మైనర్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించేది), వెంటనే సీ మేజర్. వినడానికి ఇంతే, కానీ ఆ రెండో కార్డ్ దగ్గర కాసేపు ఆగుదాం.

జీ మైనర్ అన్నప్పుడు 'ఈ ఫ్లాట్' (E స్వరానికి అరమెట్టు కిందిది) వస్తుందని చెవి ఎదురుచూస్తుంది. ఇక్కడ వచ్చింది 'ఈ నేచురల్', అంటే మామూలు E. కర్ణాటక సంగీతం భాషలో, జీని షడ్జం అనుకుంటే, శుద్ధ ధైవతం ఉండాల్సిన చోట చతుశ్రుతి ధైవతం పడింది. నఠభైరవి రాగం అనుకుని కూర్చున్నవాళ్లకి ఖరహరప్రియ రాగం ఛాయ తగిలింది! పియానో వాయించేవాళ్లు చాలామంది ఇక్కడే పెడల్ (కాలితో తొక్కితే మోత ఆగకుండా పట్టి ఉంచేది) ఎత్తడం మరిచిపోతారు. అప్పుడు పాత కార్డ్‌లోని బీ ఫ్లాట్, డీ కొత్త కార్డ్ మీద వేలాడి, ఆ ధైవతం మసకబారిపోతుంది. రెండో కార్డ్ పడగానే పెడల్ ఎత్తి మళ్లీ తొక్కండి.

ఐదో బార్‌లో వయొలిన్ అందుకుంటుంది. తాళం 3/4. ప్రతి బార్ మొదటి దెబ్బ మీదా బరువు వేస్తే వాల్ట్జ్ నాట్యంలా అయిపోతుంది. బార్‌కి ఒక్క దెబ్బే లెక్కపెట్టుకోండి, స్వరాల గీత తెగకుండా సాగుతుంది.

క్లోడ్ డెబ్యుస్సీ పూర్తిచేసిన చివరి ముఖ్యరచన ఇది. ఆరు సొనాటాలు రాయాలనుకున్నాడు, ఇది మూడోది. 1917 మే 5న పారిస్‌లోని సాల్ గావో కచేరీ హాల్లో గాస్తోన్ పూలే వయొలిన్ వాయిస్తే, క్యాన్సర్‌తో ఉన్న డెబ్యుస్సీయే పియానో దగ్గర కూర్చున్నాడు. 1918 మార్చి 25న పోయాడు. అందుకే దీన్ని మరణగీతంలా, బరువుగా వాయిస్తుంటారు. అది తప్పని నా గట్టి నమ్మకం. రెండో భాగం మీద ఆయనే రాశాడు కదా, విచిత్రంగా, తేలిగ్గా అని.

కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకి ఒక మాట. మనం వయొలిన్ తలని పాదం మీద ఆనిస్తాం కాబట్టి ఎడమచెయ్యి స్వేచ్ఛగా జారుతుంది. ఆ అలవాటుతో ప్రతి స్వరానికీ గమకం పెట్టకండి. జారు ఉన్నచోట కూడా వేలు జారేటప్పుడు కమాను ఒత్తిడి తగ్గించండి, లేకపోతే ఏడుపులా వినిపిస్తుంది.

మూడో భాగంలో పియానో పరుగు మీద మొదటి భాగపు రాగమే మళ్లీ తొంగిచూస్తుంది. అక్కడ వేగం తగ్గించకండి. తీబో (వయొలిన్), కోర్తో (పియానో) 1929లో చేసిన రికార్డింగ్ దొరికితే, ఈసారి పియానోని మాత్రమే పట్టుకుని వినండి. అది పక్కవాద్యం కాదు.